గ్రాఫిక్స్ కోసం పీసీ కొనాలా, పీఎస్5 కొనాలా? ఒకే టీవీకి రెండూ తగిలించి చూశాం

సంక్రాంతికి గుంటూరులో మా బావమరిది ఇంటికి వెళ్లేటప్పుడు బట్టల బ్యాగుతో పాటు నా పీసీ క్యాబినెట్‌ను కూడా కారు వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లాను. వాళ్ల హాల్లో 55 అంగుళాల 4కే టీవీ, దాని కింద పీఎస్5, అంటే సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్ ఉన్నాయి. ఏడాదిగా మా ఇద్దరికీ ఒకటే వాదన. "పీసీలో గ్రాఫిక్స్ లెవెలే వేరు" అని నేను, "నాకేం తేడా కనపడట్లేదు బావా" అని అతను. ఫోన్లో వీడియోలు పంపుకుంటే తేలే సంగతి కాదిది. అందుకే ఒకే టీవీకి రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్లు పెట్టి, రిమోట్‌తో ఇటూ అటూ మారుస్తూ చూద్దామనుకున్నాం.

గేమ్ సైబర్‌పంక్ 2077. దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అందులో సేవ్ ఫైల్ (ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైల్) కన్సోల్ నుంచి పీసీకి, పీసీ నుంచి కన్సోల్‌కి వెళుతుంది. అంటే రెండింట్లోనూ అదే వీధిలో, అదే మూల మీద నిలబడి చూడొచ్చు.

వాన నీళ్లు నిలిచిన ఒక సందులో ఆగాం. ఎదురుగా ఎర్రటి నియాన్ బోర్డు, కింద నీటి గుంట, గుంటలో బోర్డు ప్రతిబింబం. పీఎస్5లో చూస్తే బాగానే ఉంది. కానీ ఆటలోని కెమెరాను, అంటే మన చూపును, మెల్లగా కిందికి దించాను. బోర్డు తెర పైఅంచు దాటి వెళ్లిపోగానే నీళ్లలో ఉన్న దాని ప్రతిబింబం కూడా కరిగిపోయినట్టు మాయమైంది. కెమెరా పైకెత్తితే మళ్లీ వచ్చింది. ఇన్‌పుట్ మార్చి పీసీలో అదే పని చేశాను. బోర్డు తెర మీద లేకపోయినా గుంటలో ఎరుపు అలాగే నిలిచి ఉంది. మా వెనకాల ఉన్న లైట్లు కూడా ఆ నీళ్లలో కనపడుతున్నాయి.

దీని వెనక సంగతి తేలికే. పీఎస్5లో ఆ గేమ్ ప్రతిబింబాలను తెర మీద అప్పటికే ఉన్న బొమ్మ నుంచే తీసుకుంటుంది. తెర మీద లేనిది నీళ్లలోనూ ఉండదు. పీసీలో రే ట్రేసింగ్ ఆన్ చేస్తే కాంతి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో లెక్కగట్టి ప్రతిబింబం గీస్తుంది. పీఎస్5లోనూ ఈ గేమ్‌కు రే ట్రేసింగ్ మోడ్ ఉంది. అయితే అది కొన్ని లైట్ల నీడలకే పరిమితం, పైగా సెకనుకు 30 ఫ్రేములే, అంటే 30 బొమ్మలే.

"ఇది మాత్రం సూపర్" అన్నాడు మా వాడు. తర్వాత ఇద్దరం సోఫాలో వెనక్కి జారగిలబడి ఒక గన్‌ఫైట్ ఆడాం. ఒక రౌండ్ పీసీలో, ఒక రౌండ్ పీఎస్5లో. టీవీకీ మాకూ మధ్య తొమ్మిది, పది అడుగులుంటుంది. అప్పుడే గదిలోకి వచ్చిన మా ఆవిడను ఏది ఏదో చెప్పమన్నాను. చెప్పలేకపోయింది. నిజం చెప్పాలంటే ఆ దూరం నుంచి, ఆ పరుగులో, నాకూ చాలాసార్లు తెలియలేదు.

అందుకే ఎవరైనా "గ్రాఫిక్స్ కోసం ఏది కొనమంటావు" అని అడిగితే నేను ముందు పెట్టె సంగతి మాట్లాడను. ఏ తెర మీద ఆడతారు, ఎంత దూరంలో కూర్చుంటారు అని అడుగుతాను. పీసీలో ఉన్న తేడా నిజమైనదే. అది మీ కంటిదాకా వస్తుందా లేదా అన్నది ఆ రెండింటి మీద ఆధారపడి ఉంటుంది.

కన్సోల్ అసలు ఏం చూపిస్తుంది

పీఎస్5 లోపల ఉన్నది కూడా ఒక రకం పీసీయే. ఏఎండీ జెన్ 2 ప్రాసెసర్, 10.28 టెరాఫ్లాప్స్ (లెక్కల వేగానికి కొలత) గ్రాఫిక్స్ చిప్, 16 జీబీ మెమరీ. పీసీ గ్రాఫిక్స్ కార్డుల్లో దీనికి దగ్గరి చుట్టం ఏఎండీ ఆర్ఎక్స్ 6700 అనుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 12 టెరాఫ్లాప్స్. కాగితం మీద అదే కాస్త ఎక్కువ, ఆటలో మాత్రం రెండూ ఇంచుమించు ఒకటే. దాని చిన్న తమ్ముడు సిరీస్ ఎస్ వేరే తరగతి: 4 టెరాఫ్లాప్స్, 10 జీబీ మెమరీ. బాల్డర్స్ గేట్ 3 ఎక్స్‌బాక్స్‌కు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే. సిరీస్ ఎస్‌లో తెరను రెండుగా చేసి ఇద్దరు ఆడే పద్ధతిని నడిపించలేకపోయారు. గ్రాఫిక్స్ ముఖ్యం అనుకునేవాళ్లు సిరీస్ ఎస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పీసీ గేముల్లో లో, మీడియం, హై, అల్ట్రా అని సెట్టింగులు ఉంటాయి కదా. కన్సోల్ గేమ్ తయారుచేసేవాళ్లు ఆ పని మన తరఫున ముందే చేసి ఇస్తారు. టెక్స్చర్లు (వస్తువుల పైపూతగా అంటించే బొమ్మలు) హై, నీడలు మీడియం, దూరంలో ఉన్న చెట్లు మీడియమో అంతకన్నా తక్కువో, ఇలా ఒక్కోటి ఒక్కో మెట్టు మీద పెడతారు. రెజల్యూషన్ (బొమ్మలో ఉండే చుక్కల సంఖ్య) కూడా పెట్టె మీద రాసినట్టు ఎప్పుడూ 4కే ఉండదు. సీన్ బరువెక్కితే దిగుతుంది, తేలికైతే ఎక్కుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. పీసీలో కూడా తెలివైనవాళ్లు చేసేది ఇదే. అల్ట్రా నుంచి హైకి దిగితే బొమ్మలో పోయేది చాలా కొంచెం, ఫ్రేమ్‌రేట్‌లో వచ్చేది చాలా ఎక్కువ. "నాది అన్నీ అల్ట్రా" అని చెప్పుకోవడం కోసం కార్డును కష్టపెట్టడంలో అర్థం లేదు.

పీసీలో పైసా ఖర్చు లేకుండా వచ్చే మెరుగుదల ఒకటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. కారు నడుపుతూ రోడ్డును చూడండి. దగ్గర్లో తారు గరుకుగా, గీతలు స్పష్టంగా ఉంటాయి. కన్సోల్ గేములు చాలావాటిలో ఇరవై, ముప్పై అడుగులు దాటేసరికి ఆ రోడ్డు అలికినట్టు అయిపోతుంది. ఏటవాలుగా కనిపించే నేలను స్పష్టంగా ఉంచే సెట్టింగును అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ అంటారు. పీసీలో దాన్ని 16కి పెట్టండి, ఫ్రేమ్‌రేట్ దాదాపు ఏమీ తగ్గదు. మానిటర్ ముందు రెండడుగుల దూరంలో కూర్చుంటే ఈ ఒక్క మార్పే నీడల సెట్టింగు కన్నా ఎక్కువ కనపడుతుంది.

ముందు ఫ్రేమ్‌రేట్, తర్వాతే మెరుపులు

గ్రాఫిక్స్ అనగానే స్క్రీన్‌షాట్లు చూసి నిర్ణయానికి వచ్చేస్తారు. గేమ్ ఆగి ఉన్న బొమ్మ కాదు. కెమెరా తిప్పుతున్నప్పుడు బొమ్మ ఎలా ఉందన్నదే అసలు గ్రాఫిక్స్. 30 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60లో 16.7. కెమెరా వేగంగా తిప్పితే 30 ఫ్రేముల దగ్గర ఎంత చక్కటి టెక్స్చరైనా మసకబారిపోతుంది. 60 దగ్గర అదే టెక్స్చర్ కదులుతూ కూడా చదవగలిగేలా ఉంటుంది. అందుకే కన్సోల్‌లో క్వాలిటీ మోడ్, పర్ఫార్మెన్స్ మోడ్ రెండూ ఉంటే కళ్లు మూసుకుని పర్ఫార్మెన్స్ పెట్టమంటాను. పీఎస్5 సెట్టింగుల్లో గేమ్ ప్రీసెట్స్ అన్నచోట దీన్ని ఒక్కసారి ఎంచుకుంటే, ఆ సెట్టింగును పాటించే గేములన్నీ అందులోనే తెరుచుకుంటాయి.

మధ్యేమార్గం కూడా ఉంది, 40 ఫ్రేములు. ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా 30కీ 60కీ నడిమధ్య. రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌లో దీన్ని చూశాక ఇంకొన్ని గేములూ ఇచ్చాయి. కాకపోతే దీనికి 120 హెర్ట్జ్ టీవీ, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలిగే టీవీ కావాలి. మా బావమరిది టీవీ 60 హెర్ట్జ్‌ది కాబట్టి అతనికి ఆ ఆప్షన్ దక్కదు. మన ఇళ్లలో ఉన్న 4కే టీవీల్లో చాలావరకు 60 హెర్ట్జ్‌వే. టీవీ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న అంకెను నమ్మకండి. ప్యానెల్ రిఫ్రెష్ రేట్ ఎంత, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉందా అని అడిగి తెలుసుకోండి.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పీసీ గెలుపు అంత స్పష్టంగా కనిపించే గేమ్ నాకు ఇంకోటి తెలియదు. 2018 అక్టోబర్‌లో ముందు తరం కన్సోళ్లు పీఎస్4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు వచ్చింది, 2019 నవంబర్‌లో పీసీకి. ఆ పీఎస్4 డిస్క్‌ను పీఎస్5లో పెట్టి ఆడినా 30 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది. పీసీలో ఒక మధ్యరకం కార్డుతో, 1440పీ (1080పీకీ 4కేకీ మధ్య రెజల్యూషన్) మానిటర్ మీద, హై సెట్టింగుల్లో 60 దాటించొచ్చు. తెల్లవారుజామున గుర్రం మీద మంచులోంచి వెళ్తుంటే పొగమంచు చెట్ల మధ్య పొరలు పొరలుగా కదులుతుంది. గుర్రం మెడ మీది వెంట్రుకలు విడివిడిగా ఊగుతాయి. 30లో ఇదంతా ఉంది, కానీ కెమెరా తిప్పినప్పుడల్లా చెదిరిపోతుంది. ఈ ఒక్క గేమ్‌నే మనసారా ఆడుకోవాలనుకునేవాళ్లకు పీసీ తీసుకోమని ధైర్యంగా చెబుతాను.

పీసీ ఓడిపోయే చోట

పీసీవాళ్లం ఒప్పుకోవాల్సిన బాధ ఒకటుంది, స్టటర్. అంతా సాఫీగా పోతూ పోతూ కొత్త శత్రువు కనపడగానే, లేదా కొత్త మెరుపు పేలగానే, బొమ్మ ఒక్క క్షణం గొంతు పట్టుకున్నట్టు ఆగుతుంది. షేడర్ అంటే ఒక వస్తువు మీద కాంతి ఎలా పడాలో గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామ్. పీఎస్5 అన్నీ ఒకేలాంటివి కాబట్టి ఆ ప్రోగ్రామ్‌లను ముందే సిద్ధం చేసి గేమ్‌తో పాటు ఇచ్చేస్తారు. పీసీల్లో ఒక్కో ఇంట్లో ఒక్కో కార్డు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఒక్కోటి. అందుకే మన మెషీన్ మీదే వాటిని తయారు చేసుకోవాలి. ఆడుతుండగా తయారు చేసుకుంటే స్టటర్ వస్తుంది. ఆటకు ముందే చేసుకుంటే "షేడర్లు సిద్ధమవుతున్నాయి" అన్న గీత చూస్తూ కూర్చోవాలి.

ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఇదే జరిగింది. నా పీసీ పీఎస్5 కన్నా బలమైనది, అయినా మొదటి వారాల్లో బాస్ ఫైట్ మధ్యలో ఆగి ఆగి నడిచింది. పీసీలో కూడా అది 60 ఫ్రేములు దాటనివ్వదు కాబట్టి బలమైన కార్డు ఉన్న లాభమూ పెద్దగా లేదు. విచిత్రం ఏమిటంటే ఆ గేమ్ అన్నిటికన్నా నిలకడగా ఆడింది పీఎస్4 వెర్షన్‌ను పీఎస్5లో పెట్టినప్పుడు. గడ్డి కాస్త పలచబడుతుంది, 60 మాత్రం గట్టిగా నిలబడుతుంది.

ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి 2023 మార్చి 28న వచ్చింది. మొదటి రోజుల్లో షేడర్ల కోసమే చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. 8 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డువాళ్లు టెక్స్చర్లు మీడియంకు దించితే గోడలు, దుస్తులు మైనం పూసినట్టు కనిపించాయి. అదే గేమ్ పీఎస్5లో నిగనిగలాడుతోంది. తర్వాత ప్యాచ్‌లు వచ్చి చాలావరకు బాగుపడింది. అంతకు ముందు బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్ పీసీ వెర్షన్‌ను 2015 జూన్‌లో అమ్మకాల నుంచే తీసేసి అక్టోబర్ చివర్లో మళ్లీ పెట్టారు.

కన్సోల్‌కు ఇలాంటి గతి పట్టదని కాదు. సైబర్‌పంక్ 2077నే చూడండి. 2020 డిసెంబర్ 10న వచ్చింది. పీఎస్4లో ఎంత అధ్వానంగా ఉందంటే వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి తీసేసింది, 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు. పీఎస్5 కోసం సరిగా తయారుచేసిన వెర్షన్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. మంచి పీసీ ఉన్నవాళ్లు మాత్రం 2020లో మొదటి రోజు నుంచే చాలావరకు బాగానే ఆడుకున్నారు. కాబట్టి పీసీలో ఏ గేమైనా విడుదలైన రోజే కొనకండి, ఓ రెండు వారాలు ఆగండి. కన్సోల్‌లోనైతే ఆ కన్సోల్ ఆయుష్షు చివరికి వచ్చినప్పుడు అదే జాగ్రత్త పాటించండి.

డబ్బు లెక్క

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న డిస్క్ మోడల్ ₹49,990కి మొదలైంది. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ వచ్చినప్పుడు డిస్క్‌ది ₹54,990, డిజిటల్‌ది ₹44,990. ఇవాళ్టి రేటు ఇవాళే చూసుకోండి. లెక్క మాత్రం మారదు: ఆ డబ్బుకు పీఎస్5 ఇచ్చే బొమ్మను అదే డబ్బుతో కొత్త భాగాలు కొని కట్టిన పీసీ ఇవ్వలేదు. ఒక మధ్యరకం గ్రాఫిక్స్ కార్డుకే అందులో సగం పైగా పోతుంది. ఇంకా ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్ ఉన్నాయి. మానిటర్ లేకపోతే అదీ కలపాలి. దానికి తోడు 2025 చివర్లో ర్యామ్ ధరలు మండిపోవడం మొదలైంది. ఆ తర్వాత పీసీ కట్టుకోబోయి కొటేషన్ చూసి వెనక్కి వచ్చినవాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు.

పీఎస్5తో సమానంగా నిలబడటానికి కాదు, దాన్ని స్పష్టంగా దాటడానికి పీసీ కట్టండి. కంటికి కనపడేలా దాటాలంటే డెస్క్‌టాప్‌లో కనీసం 12 జీబీ, వీలైతే 16 జీబీ మెమరీ ఉన్న కార్డు కావాలి. ఇక్కడ పేర్లతో జాగ్రత్త. ఎన్‌విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అన్న ఒకే పేరుతో 8 జీబీది, 16 జీబీది రెండూ అమ్ముతున్నారు. 1080పీ మానిటర్‌కు 8 జీబీ సర్దుకోవచ్చు. 1440పీ, 4కే అనుకుంటే 16ది అని బిల్లు మీద రాయించుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వైపు వెళ్తే రెండు మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోండి. "16 జీబీ ర్యామ్, 600 వాట్ల పవర్ సప్లై" అని రాసిస్తే ఒప్పుకోకండి. ర్యామ్ ఒకటే స్టిక్కా, ఎనిమిదివి రెండా, పవర్ సప్లై ఏ కంపెనీ ఏ మోడల్, ప్రతిదీ పేరుతో ఉండాలి. నా మొదటి పీసీకి ఒక షాపులో ఒకటే ర్యామ్ స్టిక్ పెట్టి ఇచ్చారు. రెండు కలిపి పెడితే వచ్చే వేగం పోయి, గేముల్లో ఫ్రేమ్‌రేట్ ఎందుకు ఎగుడుదిగుడుగా ఉందో ఆరు నెలలు అర్థం కాలేదు.

ఎన్‌విడియా కార్డు తీసుకుంటే డీఎల్‌ఎస్‌ఎస్ దొరుకుతుంది. బొమ్మను చిన్న సైజులో గీసి, మెషీన్ లెర్నింగ్‌తో పెద్దది చేస్తుంది. గుంటూరులో ఆ రాత్రి నా ఆర్‌టీఎక్స్ 4070 4కే బొమ్మను లోపల 1080పీలోనే గీసింది. టీవీకి ఒక అడుగు దగ్గరకెళ్లి కరెంటు తీగలు, జాలీ కంచెలు చూశాం. పీఎస్5లో అవి సన్నగా వణుకుతున్నాయి, పీసీలో కుదురుగా ఉన్నాయి. గుంటలో ప్రతిబింబం తర్వాత మా వాడు ఒప్పుకున్న రెండో తేడా ఇదే. పాత్ ట్రేసింగ్ కూడా ఆన్ చేశాను, అంటే గదిలోని వెలుగంతా కిరణాలతోనే లెక్కగట్టే మోడ్. ఈ గేమ్‌కు అది 2023 ఏప్రిల్‌లో పీసీలో వచ్చింది. ఒక చిన్న కొట్టులోకి వెళ్తే పసుపు బల్బు వెలుగు గోడ మీద పడి, అక్కడి నుంచి కౌంటర్ కింది చీకట్లోకి జారి, అక్కడ ఉన్న అట్టపెట్టెకు పసుపు అంటింది. ఇంత అందమైన వెలుగు నేను ఏ గేమ్‌లోనూ చూడలేదు. అయితే ఆ 4కే టీవీ మీద ఫ్రేమ్‌రేట్ 60కి చాలా దూరంలో ఆగిపోయింది. ఇంట్లో నా 1440పీ మానిటర్ మీద ఫ్రేమ్ జనరేషన్‌తో (గీసిన ఫ్రేముల మధ్య అదనపు ఫ్రేములు కల్పించే పద్ధతి) కలిపి హాయిగా ఆడుతున్నాను. పాత్ ట్రేసింగ్ కోసం పీసీ అనుకునేవాళ్లు 4070 తరగతికి తక్కువ వద్దు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఈ భాగం వదలకండి

ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు చదువుకూ ఆటకూ ఒకటే మెషీన్ అని గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిపిస్తారు. అది సబబైన ఆలోచనే. చదువుకు ఎలాగూ కొనాల్సిందే కదా. కానీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఆర్‌టీఎక్స్ 4060, డెస్క్‌టాప్‌లో ఉన్న 4060 ఒకటి కావు. పోనీ రెండు ల్యాప్‌టాప్‌లలో ఉన్న 4060లు ఒకటా అంటే, అవీ కావు. ఆ చిప్‌ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటుతో నడపాలో ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్లే నిర్ణయిస్తారు. మా పిన్ని కొడుకు సన్నగా, అందంగా ఉందని ఒకటి కొన్నాడు. పెట్టె మీద 4060 అని ఉంది, వాట్లు ఎక్కడా లేవు. అమ్మినవాళ్లను అడిగితే "అన్నీ ఒకటేనండీ" అన్నారు. తీరా చూస్తే అది తక్కువ వాట్లది. విజయవాడ మే నెల ఎండల్లో ఫ్యాన్ల హోరుతో గది నిండిపోయేది, గేమ్ మాత్రం అదే పేరున్న అతని రూమ్మేట్ ల్యాప్‌టాప్ కన్నా వెనకబడి నడిచేది. పాపం చాలా బాధపడ్డాడు.

అందుకని కొనేముందు టీజీపీ (గ్రాఫిక్స్ చిప్‌కు ఇచ్చే కరెంటు) ఎన్ని వాట్లు అని అడగండి. చెప్పలేకపోతే ఆ మోడల్ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. ల్యాప్‌టాప్ 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ మెమరీయే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. పీఎస్5కు దగ్గరగా రావాలంటే పూర్తి వాట్ల 4060 ఉండాలి. లేకపోతే చదువుకు మామూలు ల్యాప్‌టాప్, ఆటకు పీఎస్5 అని విడగొట్టండి. చాలా ఇళ్లలో ఆ రెంటి ఖర్చూ కలిపి ఒక మంచి గేమింగ్ ల్యాప్‌టాప్ ధరకు పెద్ద దూరంలో ఉండదు.

మరి ఎవరికి ఏది

హాల్లో టీవీ, సోఫా, రాత్రి పిల్లలు పడుకున్నాక గంటా గంటన్నర ఆట. ఇది మీ పరిస్థితి అయితే పీఎస్5 తీసుకోండి, డిస్క్ ఉన్న మోడల్ తీసుకోండి. ఆడేసిన డిస్క్ అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడే గేములకు, ఉచిత గేములు తప్పించి, పీఎస్ ప్లస్ చందా కట్టాలి. పీసీలో ఆ ఖర్చు ఉండదు. పీఎస్5 ప్రో 16.7 టెరాఫ్లాప్స్‌తో, పీఎస్ఎస్ఆర్ అనే సొంత అప్‌స్కేలింగ్‌తో (డీఎల్‌ఎస్‌ఎస్ లాగా చిన్న బొమ్మను పెద్దది చేసే పద్ధతి) 2024 నవంబర్‌లో వచ్చింది, అప్పుడు మన దేశంలో విడుదల చేయలేదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు కొని తెస్తామంటే సర్వీసు ఇక్కడ దొరుకుతుందో లేదో ముందు తేల్చుకోండి.

గదిలో టేబుల్, కుర్చీ, రెండడుగుల దూరంలో 27 అంగుళాల మానిటర్ ఉందా? అయితే పీసీ. ఆ దూరంలో నీడల అంచులు, రోడ్డు గరుకు, గడ్డి దట్టం, అన్నీ కనపడతాయి, పెట్టిన ప్రతి రూపాయీ కంటికి చేరుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ షూటింగ్ గేములు ఆడేవాళ్లకైతే పోలికే లేదు. వాళ్లు గ్రాఫిక్స్ తగ్గించుకుని మరీ 144, 240 ఫ్రేములు కోరుకుంటారు, అది పీసీలోనే సాధ్యం.

జీటీఏ 6 కోసం కొంటున్నవాళ్లకు ఒక మాట. ఆ గేమ్‌ను పీఎస్5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకు ప్రకటించారు, పీసీ పేరు ఆ ప్రకటనలో లేదు. జీటీఏ 5 కన్సోల్‌కు 2013 సెప్టెంబర్‌లో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ 2కి ఏడాది పట్టింది. ఆగలేనివాళ్లు కన్సోల్ కొనుక్కోండి. ఆగగలిగినవాళ్లు, పీసీకి వస్తే, అందులో మెరుగైన బొమ్మతో ఆడుకోవచ్చు.

ఇప్పటికే పీఎస్5 ఉండి "గ్రాఫిక్స్ బాగాలేవు" అనుకునేవాళ్లు ముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. మా బావమరిది ఏడాదిగా సినిమా మోడ్‌లోనే ఆడుతున్నాడు, బటన్ నొక్కిన తర్వాత ఆలస్యంగా స్పందిస్తోందని గేమ్‌ను తిట్టుకునేవాడు. హెచ్‌డీఎంఐ పోర్టు సెట్టింగును ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చి, పీఎస్5లో హెచ్‌డీఆర్ (వెలుగుచీకట్ల తేడాను ఎక్కువగా చూపించే పద్ధతి) సర్దుబాటు మళ్లీ చేశాం. సైబర్‌పంక్‌లోని నైట్ సిటీ అనే నగరంలో నియాన్ బోర్డులు ఒక్కసారిగా వెలిగాయి. పైసా ఖర్చు కాలేదు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక సాయంత్రం పీసీ ఉన్న స్నేహితుడి దగ్గర, ఒక సాయంత్రం పీఎస్5 ఉన్నవాళ్ల దగ్గర అదే గేమ్ ఆడండి. మీరు రేపు ఎంత దూరంలో కూర్చోబోతున్నారో అంత దూరంలోనే కూర్చోండి. కెమెరాను మెల్లగా ఒక చుట్టు తిప్పండి, గోడ మీది రాతలు కదులుతూ చదవగలుగుతున్నారేమో చూడండి. నీళ్లున్న చోట ఆగి కెమెరా దించండి. సన్నటి తీగలు వణుకుతున్నాయేమో చూడండి. తర్వాత ఇవన్నీ మర్చిపోయి ఒక అరగంట ఆడండి. ఆ అరగంటలో మీ కన్ను వీటిలో దేని దగ్గర ఆగిందో, దానికే డబ్బు పెట్టండి.